ఎక్కడ ఆపేశారో అడగండి

(రేడియోలో 31 ఏళ్లు మైకు ముందు కూర్చుని రిటైరైన మా కాలమిస్టు, ఇంట్లోనే పాడ్‌కాస్ట్‌లు చేసుకునేవారికీ వినేవారికీ ఈ పేజీలో జవాబులు చెబుతారు.)

ప్రశ్న: మేడమ్, మాది మిద్దెతోటల గ్రూపు. నలుగురం కలిసి ఫోన్‌లోనే రికార్డు చేసి పాడ్‌కాస్ట్ పెడుతున్నాం. ఇప్పటికి 11 ఎపిసోడ్లు అయ్యాయి, ఒక అరవై మంది వింటారు. ఈమధ్య ‘మీ అభిప్రాయం చెప్పండి’ అని అడిగాం. ముగ్గురు ‘నలభై నిమిషాలు చాలా ఎక్కువ’ అన్నారు. ఇద్దరు ‘అప్పుడే అయిపోయిందా’ అన్నారు. ఒకాయన వెనకాల గుర్రుమని శబ్దం వస్తోందన్నారు. ఇంకొకాయన ‘మీ యాస మార్చుకుంటే బాగుంటుంది’ అని రాశారు. మిగతావాళ్లంతా ‘సూపర్ మేడమ్’ అని దండం బొమ్మ పెట్టారు. ఎవరి మాట వినాలి? యాస మాట చదివిన రోజు మాత్రం ఇక ఆపేద్దామనిపించింది.
– పేరు వద్దన్నారు, కరీంనగర్

జవాబు: అమ్మా, మీరు పంపిన లింకు నొక్కి రెండు ఎపిసోడ్లు పూర్తిగా విన్నాను. ఒకటి పిండినల్లి మీద, ఇంకోటి ఎండాకాలం షేడ్ నెట్ మీద. రెండోది వింటూ మా బాల్కనీలో కరివేపాకు కుండీని నీడకు జరిపాను కూడా. కాబట్టి ఆపేసే మాట పక్కన పెట్టండి.

ముందు ఆ ‘ఎక్కువ’, ‘అప్పుడే అయిపోయిందా’ సంగతి చూద్దాం. పిండినల్లి ఎపిసోడ్‌లో ఆ పురుగు పేరు మొదటిసారి వినపడింది ఏడో నిమిషంలో. అంతవరకూ ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు, ఒకావిడ మేనకోడలి పెళ్లిలో వంటలు ఎలా ఉన్నాయి, ఇవే. నాకు వంటల కబురు నచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మందారం కొమ్మ నిండా తెల్లటి బూజులాంటిది పట్టి, ఏం చేయాలో తెలియక మీ ఎపిసోడ్ పెట్టుకున్నవాళ్లకు ఏడు నిమిషాలంటే చాలా సేపు. వాళ్లలో కొందరు అక్కడే ఆపేసి, మొత్తం 40 నిమిషాలూ ఎక్కువని తేల్చేశారు. ఏడో నిమిషం దాటినవాళ్లకేమో, మీలో ఒకరు పాత టూత్‌బ్రష్‌తో పిండినల్లిని రుద్ది తీసే పద్ధతి చెబుతుంటే టైమే తెలియలేదు. అంటే ఐదుగురూ నిజమే చెప్పారు. నొప్పి ఉందన్న మాట నమ్మండి, వాళ్లు చెప్పిన మందు మాత్రం వాడకండి. మీరు భయపడి 40ని 20 చేస్తే ఆ టూత్‌బ్రష్ ముక్కే పోతుంది. పెళ్లి కబుర్లు చివరికి మార్చండి. ఇష్టమున్నవాళ్లు ఉండి వింటారు, నాలాంటివాళ్లు.

అసలు చిక్కు మీరు అడిగిన ప్రశ్నలోనే ఉంది. ‘ఎలా ఉంది, అభిప్రాయం చెప్పండి’ అంటే మనవాళ్లు ఏమంటారు? భోజనానికి పిలిచినావిడ అడిగితే ఏమంటామో అదే. రేడియోలో నాకు వారానికోసారి ఉత్తరాల సంచి వచ్చేది. పదిహేను పైసల కార్డు రోజుల సంగతి. వందలో తొంభై ‘మీ కార్యక్రమం అద్భుతం, నా పేరు చదవగలరు’ అనే. చదివేవాళ్లం, వాళ్లూ సంతోషించేవాళ్లు, మేమూ సంతోషించేవాళ్లం. కార్యక్రమం మాత్రం ఎక్కడిదక్కడే ఉండేది.

ఒకసారి ఒక రైతు కార్డు వచ్చింది. పెన్సిలుతో రాశారు, మూడే లైన్లు. ‘అమ్మా, నిన్న వరి తెగులుకి మందు పేరు చెప్పేటప్పుడు కాగితం తిప్పిన చప్పుడైంది. పేరు వినపడలేదు. షాపులో ఏమని అడగాలి?’ ఆ కాగితం తిప్పింది నేనే. స్క్రిప్టులో మొదటి పేజీ చివర మందు పేరు సగం, రెండో పేజీ మొదట్లో సగం పడింది. నేను తిప్పుతూనే చదివేశాను. ఆ కార్డు వచ్చాక మూడు పనులు మొదలుపెట్టాను. మందు పేరు రెండు పేజీల మధ్య విరగకుండా రాయించడం. పేరు రెండుసార్లు చదవడం. కాగితాలకు పిన్ను తీసేసి, చదివిన పేజీని తిప్పకుండా చప్పుడు కాకుండా పక్కకు జరపడం. రిటైరయ్యే రోజు వరకూ అలాగే చేశాను. అద్భుతం అన్న వేల కార్డుల్లో ఒక్కటీ ఇప్పుడు గుర్తులేదు.

షార్ట్‌వేవ్ రేడియో హాబీగా వినేవాళ్లు మరీ నిక్కచ్చిగా ఉండేవారు. ఎక్కడో వేల మైళ్ల దూరంలోని స్టేషన్ పట్టుకుని, తేదీ, టైమ్, ఫ్రీక్వెన్సీ వేసి, ‘సిన్‌పో’ అని ఐదు అంకెలు రాసి ఆ స్టేషన్‌కే పంపేవారు. సిగ్నల్ బలానికి ఒక అంకె, వేరే స్టేషన్ అడ్డుపడటానికి ఒకటి, గరగరకు ఒకటి, మధ్యలో తగ్గి పెరగడానికి ఒకటి, మొత్తం మీద ఎలా వినిపించిందో దానికి ఒకటి. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు మార్కులు. రిపోర్టు సరిగ్గా ఉంటే స్టేషన్ వాళ్లు, ‘అవును, మీరు విన్నది మా స్టేషన్‌నే’ అని ధ్రువీకరిస్తూ బొమ్మ ఉన్న క్యూఎస్ఎల్ కార్డు బదులు పంపేవారు. ఆ కార్డులు పోగేయడం ఇప్పటికీ ఒక సరదా. ఈ ఐదంకెల్లో ‘నచ్చింది, నచ్చలేదు’ అనే గడే లేదు చూడండి.

మీ అరవై మందినీ అంకెలు వేయమనను. ఐదుగురిని ఎంచుకుని ఫోన్ చేయండి. రెండే అడగండి: ‘ఎక్కడ ఆపేశారు? అప్పుడు ఏం చేస్తున్నారు?’ ‘గిన్నెలు తోముతున్నా, నీళ్ల చప్పుడుకి మూడో ఆవిడ మాట వినపడలేదు’ అని ఒకరంటారు. అది దండం బొమ్మలో దొరకదు. స్పాటిఫైలో ఎపిసోడ్ పెట్టినవాళ్లకు ఏ నిమిషం దగ్గర ఎంతమంది మిగిలారో ఒక గీత చూపిస్తుంది, చూడండి. కానీ అరవై మందిలో నలుగురు లేచి తలుపు తీయడానికి వెళ్లినా ఆ గీత కిందికి వంగుతుంది. దాన్ని చూసి టెన్షన్ పడకండి, ఫోనే చేయండి.

ఇక గుర్రు. అది ఫ్యాన్ కాదమ్మా, ఫ్రిజ్. షేడ్ నెట్ ఎపిసోడ్‌లో పన్నెండో నిమిషం దగ్గర ‘టక్’ మని వినపడి, ఆ తర్వాత మీ గొంతులన్నీ ఒక్కసారిగా తేటపడ్డాయి. కంప్రెసర్ ఆగిందన్నమాట. రికార్డింగ్ అయ్యేదాకా ఫ్రిజ్ స్విచ్ ఆపేయండి. మళ్లీ వేయడం మర్చిపోతానని భయముంటే ఇంటి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టండి. అవి తీయకుండా గడప దాటలేరు కదా. ఇది సౌండ్ రికార్డు చేసేవాళ్ల పాత కిటుకు. ఇంకా మంచిది, వంటింటి పక్క గది వదిలేసి పడకగదిలోకి వెళ్లండి. పరుపు, దిండ్లు, తలుపు తీసి ఉంచిన బట్టల బీరువా ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఫోన్ నోటికి బెత్తెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా పెట్టుకోండి. లేకపోతే ‘పిండినల్లి’లో పి, ‘భూసారం’లో భూ అన్నప్పుడల్లా గాలి మైకుకి తగిలి బుడుంగుమంటుంది. ఇంకా మిగిలిన గుర్రును తర్వాత ఆడాసిటీ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌లో తగ్గించుకోవచ్చు, అది ఉచితమే. దానికోసం మొదట్లో ఐదు సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకోండి. కానీ మరీ ఎక్కువ తీస్తే బావిలోంచి మాట్లాడినట్టు ఉంటుంది.

మూడో ఆవిడ గొంతు చిన్నది. రెండో ఆయన మాట్లాడితే నేను ఇయర్‌ఫోన్స్ పీకేశాను. ఆడాసిటీలోనే లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అని ఉంటుంది. ఎవరి ముక్క వారిది వేరుగా ఎంచుకుని దాన్ని వాడితే హెచ్చుతగ్గులు చాలావరకూ సర్దుకుంటాయి. చివర్లో మొత్తం ఫైలుకూ మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) పెట్టండి. ఆపిల్ వాళ్లు పాడ్‌కాస్ట్‌లకు చెప్పే అంకె అదే.

యాస గురించి. నేను 31 ఏళ్లు ‘రేడియో తెలుగు’ మాట్లాడాను. మా అమ్మతో మాట్లాడే తెలుగు స్టూడియో తలుపు బయట చెప్పులతో పాటు విడిచి లోపలికి వెళ్లేదాన్ని. అప్పుడు అదే గొప్ప అనుకున్నాను, ఇప్పుడు అనుకోను. తోట గురించి మాట్లాడే మనిషి తన తోటలో మాట్లాడే భాషలోనే మాట్లాడాలి. అయితే ఆయన ఉత్తరం పూర్తిగా పారేయకండి, అడుగున ఒక నిజమైన ఇబ్బంది ఉండొచ్చు. మీరు పుంటికూర విత్తనాల గురించి పది నిమిషాలు చెప్పారు. ఆయనది ఏ గుంటూరో అయితే, అది తన పెరట్లో ఉన్న గోంగూరేనని తెలియకపోయి ఉండొచ్చు. ‘పుంటికూర, అదే గోంగూర’ అని మొదట ఒక్కసారి అనండి. తర్వాత ఇక పుంటికూరే. ఎల్లిగడ్డా అంతే, ఉల్లిగడ్డా అంతే. అలా చెప్పాక కూడా ఆయనకు యాస ఇబ్బందిగానే ఉంటే, అది ఇక ఆయన ఇబ్బంది.

ప్రశ్న: అమ్మా, నాకు 71 ఏళ్లు. మా మనవరాలు ఫోన్‌లో తోటల పాడ్‌కాస్ట్ ఒకటి పెట్టి ఇచ్చింది, రోజూ వింటున్నాను. అందులో కుర్రాడు చక్కగా మాట్లాడతాడు. కానీ మొన్న ‘పొద్దున్నే లేచి బీర పువ్వులకు చేత్తో పుప్పొడి అద్దండి’ అన్నాడు. బీర పువ్వు విచ్చుకునేది సాయంత్రం కదా? చెబితే చిన్నబుచ్చుకుంటాడేమోనని ఊరుకున్నాను.
– ఒక అమ్మమ్మ, విజయవాడ

జవాబు: చెప్పండి పిన్నిగారూ, తప్పకుండా చెప్పండి. మీ మాటే నిజం. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుంటుంది. కాకర కూడా పొద్దుటి పువ్వే. బహుశా ఆ అబ్బాయి గుమ్మడికి నేర్చుకున్నది బీరకు అంటించి ఉంటాడు. అతని మాట విని పొద్దున్నే పాదు దగ్గరకు వెళ్లినవాళ్లకు వాడిన పువ్వులు కనపడి ఉంటాయి. పిందెలు రాలిపోతుంటే ఎరువు తక్కువైందని ఇంకో గుప్పెడు వేసి ఉంటారు.

మనవరాలి చేత వాయిస్ మెసేజ్ పెట్టించండి, అదీ అందరికీ కనపడేలా కాకుండా అతనికే. ఏ ఎపిసోడ్, ఎన్నో నిమిషం అన్నది ముందు చెప్పండి. దాంతో మీరు శ్రద్ధగా విన్నారని అతనికి అర్థమవుతుంది, చిన్నబుచ్చుకోవడం సగం అక్కడే పోతుంది. ఆ తర్వాత మీరు చూసింది చెప్పండి. ‘మా ఇంట్లో దీపం పెట్టే వేళకు విచ్చుకుంటాయి నాయనా’ అంటే చాలు. పువ్వు కింద చిన్న పిందె ఉన్నదే ఆడపువ్వు అని కూడా చెప్పండి, మీకు తెలిసినంతగా అతనికి తెలియకపోవచ్చు.

ఆ అబ్బాయి ఈ పేజీ చదువుతుంటే అతనికో మాట. మా రోజుల్లో తప్పు చెబితే అది గాలిలో పోయేది, మర్నాడు సవరించుకుంటే సరిపోయేది. మీ ఎపిసోడ్ అక్కడే ఉంటుంది బాబూ. మూడేళ్ల తర్వాత బీర విత్తనం నాటినవాళ్లు దాన్నే వింటారు. కాబట్టి వచ్చే ఎపిసోడ్ మొదట్లో చెప్పడమే కాదు, పాత ఎపిసోడ్ కింద వివరణలో కూడా రాయండి. మోతాదు తప్పు పడితే మాత్రం అదీ చాలదు. వేపనూనె లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్లు అనబోయి 50 అన్నారనుకోండి, వివరణ చదివేలోపే ఆకులు మాడిపోతాయి. ఆ వాక్యం మళ్లీ రికార్డు చేసి, ఫైలు మార్చి పెట్టండి. ఇంకోటి, ఈ పిన్నిగారు ఒప్పుకుంటే ఆ వాయిస్ మెసేజే ఎపిసోడ్‌లో వేయండి.

ప్రశ్న: నేను వారాంతాల్లో పక్షులను చూడటానికి వెళ్తుంటాను. దాని మీద తెలుగులో పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. 23 మంది వింటున్నారు. ఫ్రెండ్ ఒకడు 15 వేల రూపాయల మైకు కొంటే పెరుగుతారంటున్నాడు. కొనమంటారా? ఒకే ఒక్కరు మాత్రం ప్రతి ఎపిసోడ్‌కీ మెసేజ్ పెడతారు. పోయినసారి ‘జెముడుకాకి కూత సరిగ్గా వినేలోపే మీరు దాని పేరు చెప్పేశారు’ అన్నారు.
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కొనకండి. మీ ఎపిసోడ్‌లో ఆ కూత నేనూ విన్నాను. ‘ఊప్... ఊప్...’ అని రెండుసార్లు పలికిందో లేదో, ‘ఫ్రెండ్స్, ఇదే జెముడుకాకి’ అని మీరు దూరిపోయారు. మీ దగ్గర ఉన్న మైకు దాన్ని బాగానే పట్టుకుంది. గాలి హోరుకి మాత్రం మైకు మీద బొచ్చు తొడుగు ఒకటి వేయండి. ఆ మెసేజ్ పెట్టేవారికి ఫోన్ చేసి, ఒక ఆదివారం మీతో రమ్మని అడగండి. ఈసారి పిట్ట కూసినప్పుడు ఇద్దరూ పది సెకన్లు ఊరుకోండి. పేరు ఆయన చేత చెప్పించండి.