దేవరకొండ ఇంట్లో తొలి క్రిస్మస్: పెద్దమ్మ ఉత్తరం

మహబూబ్‌నగర్,
నవంబరు 24

బిడ్డా,

ప్రభువు పేరట మీ అందరికీ వందనాలు. నిన్న ఫోన్లో పిల్లలిద్దరూ ఒకటే గోల, "అమ్మమ్మా, మాకు మంచు క్రిస్మస్ కావాలి" అని. నువ్వేమో హైదరాబాద్ నుంచి స్నో స్ప్రే డబ్బాలు, థర్మాకోల్ గుండ్లు తెప్పిస్తానంటివి. ఫోన్లో అన్నీ చెప్పడం కుదరలేదు, అందుకే రాస్తున్నా. అవి తెప్పించకు.

మీ అన్న దగ్గర కెనడాలోని విన్నిపెగ్‌లో రెండు చలికాలాలు ఉండి వచ్చాను కదా, మంచు సంగతి నాకు తెలుసు. అందంగా ఉంటుంది, కాదనను. కానీ అక్కడ క్రిస్మస్ నాటికి తోటలో కోసుకోవడానికి ఒక్క ఆకు ఉండదు. అక్టోబరులో నాటిన వెల్లుల్లి రెబ్బలు మంచు కింద పడుకుని ఉంటాయి. కొత్తగా పడ్డ మంచులో ఎక్కువ భాగం గాలే, అది దుప్పటి కప్పినట్టు వాటిని కాపాడుతుంది. పక్కింటి ముసలామె ఎండిపోయిన పూల కాడలను కూడా కోయకుండా వదిలేసేది, పిట్టలు గింజలు ఏరుకు తింటాయని. కుక్కతో ఇంకో తిప్పలు. బాటల మీద మంచు కరగడానికి చల్లిన ఉప్పు దాని కాళ్లకు అంటుకుని మండేది. ఆ కాళ్లను నాకితే కడుపు చెడుతుందని, ఇంటికి రాగానే గోరువెచ్చని నీళ్లతో కడిగేదాన్ని.

1890లో నల్లగొండలో మిషన్ మొదలుపెట్టిన ఫ్రీజెన్ దంపతులు రష్యా నుంచి వచ్చినవాళ్లు. నిజమైన మంచును చూసి వచ్చిన ఆ మనుషులు కూడా ఇక్కడ డిసెంబరు ఎండలోనే క్రిస్మస్ చేసుకున్నారు. పిల్లలకు ఆ మాట చెప్పు. తెల్లవారి లేపి చిక్కుడు పందిరి కిందికి తీసుకుపో. ఆకుల మీద, సాలెగూళ్ల మీద పడ్డ మంచు సూర్యుడు పైకొచ్చేదాకా ఉంటుంది. చేత్తో తాకి చూడనీ.

ఇక తోట. మన దగ్గర పెరటికి ఇంతకంటే మంచి నెల లేదు బిడ్డా. ఈ వారంలోనే రెండు మడుల్లో మెంతులు చల్లు. మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, నెల తిరగకముందే, సరిగ్గా పండుగకు, కోతకొస్తాయి. ధనియాలు కూడా వేయి, కానీ చేత్తో నలిపి రెండు బద్దలు చేసి వేయాలి. కొత్తిమీర పండుగకు అందదు, కొత్త సంవత్సరం దాటాక వస్తుంది. నీళ్లు పొద్దున ఎండ వచ్చాక పోయాలి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే తెగులు పడుతుంది. చలి పెరిగేసరికి చిక్కుడుకు పేనుబంక తప్పకుండా వస్తుంది. లేత కొసలు నల్లగా కనబడగానే లీటరు నీళ్లలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టు. వారం తర్వాత ఇంకోసారి కొట్టు. పూత మీద గట్టిగా కొట్టకు, తేనెటీగలు తిరుగుతుంటాయి.

చామంతి గురించి ఒక మాట. ఒక ఏడాది నా కుండీలన్నీ వరండా లైటు కింద పెట్టాను, రాత్రంతా లైటు వెలిగేది. ఊరంతా చామంతులు పూస్తే నా మొక్కలకు మొగ్గే లేదు. చామంతికి పొడుగు రాత్రులు కావాలి, చీకటి కావాలి. అందుకని స్టార్ లైటు గేటు వైపు కట్టు, చామంతి కుండీలను వెనక పెరట్లోకి జరుపు. ఎర్ర ఆకుల క్రిస్మస్ మొక్కకూ చీకటి రాత్రుల్లోనే రంగు వస్తుంది. దాని పాలు తగిలితే పిల్లి నోరు మండుతుంది, ఎత్తులో పెట్టు.

పండుగకు పెట్టే యేసు పుట్టిన పశువుల పాక బొమ్మకు పచ్చగడ్డి కావాలంటే డిసెంబరు 14న గోధుమలు రాత్రంతా నానబెట్టి, మర్నాడు పళ్లెంలో మట్టి పోసి చల్లు. పండుగకు జానెడు కాకపోయినా బెత్తెడు పచ్చిక వస్తుంది. పిల్లి కొరికినా ఫర్వాలేదు. జొన్నలు మాత్రం వేయకు. లేత జొన్న మొలకలో విషం ఉంటుంది, పొరపాటున మీ మేక తిన్నదంటే నాము పట్టి పడిపోతుంది. పాక మీద మంచు కావాలంటే కొంచెం బియ్యప్పిండి చల్లండి. చీమలు తింటాయి, పిచ్చుకలు తింటాయి, ఎవరికీ చెడు చేయదు.

నేను స్ప్రే, థర్మాకోల్ వద్దనేది ఇంట్లో కుక్క, పిల్లి కోసమే. కుక్కపిల్ల కంటబడ్డ ప్రతిదాన్నీ కొరుకుతుంది, థర్మాకోల్ గుండ్లు పేగులో అడ్డంపడతాయి. చమ్కీ దండలు అసలే కట్టకు. మా పాత పిల్లి ఒకసారి మూరెడు చమ్కీ మింగింది. దారం ఒక చివర ఎక్కడో తట్టుకుంటే పేగు అంతా లంగా బొందు గుంజినట్టు కుచ్చిళ్లు పడుతుందని పశువుల డాక్టర్ చెప్పాడు. కోసి తీయాల్సి వచ్చింది, బతికింది. నోట్లో నుంచో వెనక నుంచో దారం వేలాడితే నువ్వు మాత్రం లాగకు, పేగు తెగుతుంది. అట్లే డాక్టర్ దగ్గరికి తీసుకుపో. చెట్టుకు సరుగుడు కొమ్మ చాలు, ఇసుక బకెట్లో నిలబెట్టి కిటికీ ఊచకు కట్టు, పిల్లి ఎక్కినా పడదు. కాగితం నక్షత్రాలు, బంతిపూల దండలు వేయి.

పండుగ తిండి దగ్గర ఇంకా జాగ్రత్త. వచ్చిన చుట్టాలందరూ ప్రేమతో కుక్కకు ఓ ముక్క పెడతారు. కేకులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్క కిడ్నీలను పాడు చేస్తుంది. చాక్లెట్ కూడా విషమే. బిర్యానీలో ఉల్లిగడ్డ, వెల్లుల్లి రక్తాన్ని చెడగొడతాయి. ఉడికిన బొక్కలు పుల్లల్లా విరిగి గొంతులో గుచ్చుకుంటాయి. మసాలా వేయకముందే నాలుగు మెత్తటి ముక్కలు ఉత్త నీళ్లలో ఉడికించి అన్నంలో కలిపి పక్కన పెట్టు. "మన రాజాకు పొద్దున్నే పెట్టాం" అని చుట్టాలకు పిల్లల చేత చెప్పించు, పెద్దవాళ్లు పిల్లల మాట వింటారు.

24 రాత్రి డప్పులు, గిటార్లు, పటాకులు ఉంటాయి. క్యారల్స్ వాళ్లు రాకముందే కుక్కను లోపలి గదిలో గోనెసంచి మీద పాత దుప్పటి వేసి పడుకోబెట్టు, ఫ్యాన్ చప్పుడు ఉండనీ. ఒంటరిగా వదలకు, ఎవరో ఒకరు దాని పక్కన కూర్చోండి. గేటు గొళ్లెం మాత్రం రెండుసార్లు చూసుకో, భయపడ్డ కుక్క ఊరు దాటి పరుగెత్తుతుంది. చర్చికి పోయేటప్పుడు బండి తీసే ముందు సీటు మీద రెండు దెబ్బలు కొట్టండి. తెల్లవారుజామున చలికి పిల్లికూనలు వెచ్చటి ఇంజిన్ దగ్గర దూరతాయి.

నేను 22న కల్వకుర్తిలో బస్సు మారి మధ్యాహ్నానికి వస్తా. చామంతి పిలకలు తడిగుడ్డలో చుట్టి తెస్తున్నా, ఎండ తగిలే చోట నాలుగు కుండీలు మట్టి నింపి ఉంచు. గరిజెలు నేను వచ్చాకే చేద్దాం, కొబ్బరి మాత్రం ఎండబెట్టి పెట్టు.

మీ పెద్దమ్మ