మీ మొదటి కొండ మిషన్ పీక్ కాకూడదు

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం చుట్టూ ఉన్న బే ఏరియాకు కొత్తగా వచ్చిన తెలుగువారిని మొదటి రెండు మూడు వారాంతాల్లోనే ఎవరో ఒకరు మిషన్ పీక్ అనే కొండకు పిలుస్తారు. ఆఫీసులో పక్క సీటు మనిషో, అపార్ట్‌మెంటులో పై అంతస్తు కుటుంబమో అయివుంటారు. పిలిచేవారి మనసు మంచిదే. శిఖరం మీద ఉన్న స్తంభం ఎక్కి చేతులు చాపిన ఫొటో కూడా బాగానే ఉంటుంది. కానీ ఆ మాట విని బయల్దేరినవారిలో చాలామంది సగం దారిలో గడ్డి మీద కూలబడి, మోకాళ్లు పట్టుకుని, హైకింగ్ మన ఒంటికి సరిపడదని తేల్చేసుకుని ఇంటికి వస్తారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి కొండ వైపు కన్నెత్తి చూడనివారు నాకు తెలుసు. తప్పు వారి కాళ్లది కాదు, వారిని తీసుకెళ్లిన కొండది.

లెక్క చూడండి. ఫ్రీమాంట్‌లో స్టాన్‌ఫర్డ్ అవెన్యూ చివరి నుంచి శిఖరానికి సుమారు 3 మైళ్లు, అంటే ఐదు కిలోమీటర్లు. రోజూ ట్రెడ్‌మిల్ మీద నడిచేదే కదా అనిపిస్తుంది. ఆ మూడు మైళ్లలో ఎక్కవలసిన ఎత్తు మాత్రం 2,000 అడుగులకు పైమాటే. తిరుపతిలో అలిపిరి మెట్ల దారిన కొండెక్కేవారు ఎక్కేదీ దాదాపు అంతే. అయితే అక్కడ 3,550 మెట్లున్నా చాలా దూరం నెత్తిన కప్పు ఉంటుంది, దారిలో నీళ్లుంటాయి, అలసినవారిని గోవిందనామం ముందుకు తోస్తుంది, పైకి చేరాక దిగడానికి బస్సు ఉంటుంది. మిషన్ పీక్ మీద నీడే అరుదు. దిగి రావలసింది మళ్లీ అవే కాళ్లతో. మోకాళ్ల సంగతి అసలు తెలిసేది దిగేటప్పుడే.

అందుకే ఎవరైనా ఫలానా ట్రయిల్ బాగుంటుందని చెప్తే ఎన్ని మైళ్లు అని అడిగి ఊరుకోకండి. ఎంత ఎత్తు ఎక్కాలి, నీడ ఉందా, ఈ రెండూ అడగండి. ట్రయిల్ యాప్‌లలో ఎలివేషన్ గెయిన్ అని చూపించేది ఆ ఎత్తే. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో ఒక లెక్క చెప్పాడు. గంటకు 3 మైళ్ల చొప్పున నడక వేసుకుని, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు మరో గంట కలపాలి. ఆ ప్రకారం మిషన్ పీక్‌కు వెళ్లి రావడానికి ఎక్కడా ఆగకపోయినా మూడు గంటలు. ఆయన లెక్క కొండలకు అలవాటుపడిన గట్టి మనుషులకు. రోజంతా కుర్చీలో కూర్చునే మనం దానికి సగం కలుపుకోవాలి, ఫొటోల సమయం వేరే. మొదటి రెండు మూడు నెలలు, రానూపోనూ నాలుగు మైళ్లు, ఎత్తు 500 అడుగుల లోపు ఉన్న దారులే చూసుకోండి. మిషన్ పీక్ ఎక్కడికీ పోదు. చలికాలంలో, వాన పడి నాలుగైదు రోజులు ఆరిన తర్వాత, ఒక శనివారం పొద్దున్నే వెళ్లండి. అప్పుడు అది నిజంగానే అందమైన కొండ.

మరి మొదట ఎక్కడికి? నన్నడిగితే అదే ఫ్రీమాంట్‌లో, డంబార్టన్ వంతెనకు దగ్గరలో ఉన్న కయోటీ హిల్స్‌కు. పేరులో కొండలున్నా అవి గుట్టలే, 300 అడుగులు కూడా దాటవు. వాటి చుట్టూ తిరిగే బేవ్యూ ట్రయిల్ సుమారు మూడున్నర మైళ్ల తారు బాట. ఒకటి రెండు చోట్ల కాస్త ఎగువ ఉంటుంది, అంతే. పిల్లల బండి తోసుకుంటూ వెళ్లేవారు కనిపిస్తూనే ఉంటారు. ఒక పక్క బే నీళ్లు, ఉప్పు మడులు, ఇంకో పక్క తుంగ పెరిగిన చిత్తడి నేల. ఆ చిత్తడి మీదుగా చెక్క వంతెన వేశారు. చలికాలంలో దాని మీద పావుగంట కదలకుండా నిలబడితే కొంగలు మన ఉనికి మరచిపోయి పక్కనే చేపలు పట్టుకుంటాయి. ఈ ప్రాంతపు ఆదివాసులైన ఓలోనీ జాతివారు 2,000 ఏళ్లకు పూర్వమే నివసించిన చోటు కూడా ఈ పార్కులోనే ఉంది. కారు పార్కింగుకు 5 డాలర్లు తీసుకుంటారు. గాలి మాత్రం మధ్యాహ్నం నుంచి గట్టిగా వీస్తుంది, చెవులు కప్పే టోపీ పిల్లలకు తప్పనిసరి.

కూపర్టీనో, సన్నీవేల్ వైపు ఉండేవారికి రాంచో సాన్ ఆంటోనియో దగ్గర. ప్రవేశానికి డబ్బు కట్టనక్కర్లేదు. పార్కింగు నుంచి ఒక మైలు చదునుగా నడిస్తే డీర్ హాలో ఫామ్ వస్తుంది. మేకలు, గొర్రెలు, పందులు, కోళ్లు ఉంటాయి కాబట్టి పిల్లలు నడవడానికి మొరాయించరు. దారిలో జింకలు, అడవి టర్కీ కోళ్లు తారసపడతాయి. అక్కడి నుంచి వెనక్కి వచ్చేయవచ్చు, ఓపిక ఉంటే పై దారులు పట్టవచ్చు. చిక్కంతా పార్కింగుతోనే. వారాంతాల్లో పొద్దు కాస్త ఎక్కిందంటే చోటు దొరకదు, కార్లు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి.

లివర్‌మోర్ శివవిష్ణు ఆలయానికి వెళ్లే కుటుంబాలకు సునోల్ పార్కు కాస్త పక్క దారి. క్యాంప్ ఓలోనీ రోడ్డు పట్టుకుని అలమీడా వాగు వెంట మైలున్నర నడిస్తే పెద్ద పెద్ద బండల మధ్య నీళ్లు దూకే చోటు వస్తుంది. దానికి లిటిల్ యోసెమిటీ అని ఘనమైన పేరు పెట్టారు. అసలు యోసెమిటీని మనసులో పెట్టుకుని వెళ్తే నిరాశే. వసంతంలో నీళ్లున్నప్పుడు మాత్రం ముచ్చటగా ఉంటుంది. నీళ్లలో దిగడం నిషిద్ధం. జూలై, ఆగస్టుల్లో వాగు ఎండిపోతుంది, ఎండ మన రోహిణి కార్తెను గుర్తుచేస్తుంది. అప్పుడు వెళ్లకండి.

సునోల్‌లోనూ, మిషన్ పీక్ మీదా ఆవులు దారికి అడ్డంగా నిలబడి ఉంటాయి. గడ్డి ఏపుగా పెరిగి ఎండితే వేసవిలో మంటలకు ఆజ్యమవుతుంది కనుక పార్కువారే మందలను మేపిస్తారు. ఆవు కనబడగానే మన పెద్దవాళ్లు వెనక నుంచి వెళ్లి తోక ముట్టుకుని కళ్లకు అద్దుకోబోతారు. ఇవి మనింటి పెరట్లో పెరిగినవి కావు, మనిషి చెయ్యి ఎరగవు. దూడ పక్కనుంటే తల్లి కుమ్మడానికి వెనకాడదు. దండం దూరం నుంచే పెట్టండి, తల్లికీ దూడకూ మధ్యలోకి పోకండి. దారిలో వచ్చే గేట్లను మీరు దాటాక మళ్లీ గడియ వేయండి. మందలు బయటికి పోకుండా పెట్టినవే అవి.

కారు లేని విద్యార్థులకు శాన్‌ఫ్రాన్సిస్కోలోని లాండ్స్ ఎండ్‌ను మించినది లేదు. గీరీ వీధి మీదుగా వెళ్లే 38 నంబరు బస్సు దగ్గర దాకా తీసుకెళ్తుంది, లోపలికి వెళ్లడానికి టికెట్టేమీ లేదు. సముద్రం అంచున కొండ చరియ మీద ఒక వైపు మైలున్నర నడక, మధ్యలో కొన్ని మెట్లు. ఒక చివర సూట్రో బాత్స్ అనే పాత ఈతకొలనుల శిథిలాలు, దారిలో చెట్ల సందుల్లోంచి గోల్డెన్ గేట్ వంతెన. బాట వదిలి చరియ అంచుకు పోయి సెల్ఫీలు తీసుకోవద్దు, అక్కడ మట్టి వదులు. కారులో వెళ్లేవారికి వేరే హెచ్చరిక. నగరంలోని పార్కింగు చోట్లలో అద్దాలు పగలగొట్టి సంచులు ఎత్తుకుపోవడం మామూలు. కొత్తగా వచ్చినవారు పాస్‌పోర్టు, ఐ-20 లాంటి కాగితాలు ఉన్న సంచిని కారులోనే ఉంచి తిరుగుతుంటారు. ఆ సంచి ఇంట్లోనే ఉండాలి. ఖాళీ సంచి కూడా సీటు మీద కనబడకూడదు.

ఇక కాలం సంగతి. మనకు వానలు జూన్‌లో, ఇక్కడ వానలు నవంబరు నుంచి మార్చి దాకా. చలికాలంలో కొండలు పచ్చబడతాయి, మే నాటికి ఎండి గడ్డి రంగుకు తిరుగుతాయి. ఆగస్టులో చదువుకు వచ్చినవారు ఎండిన కొండలు చూసి పెదవి విరుస్తారు, ఫిబ్రవరిలో అదే కొండను గుర్తుపట్టలేరు. వేసవిలో ఫ్రీమాంట్ కొండ మీద చెమటలు కారుతున్న రోజునే శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో పొగమంచు కమ్మి స్వెటరు కావలసి వస్తుంది. కాబట్టి వేసవిలో సముద్రం వైపో, రెడ్‌వుడ్ చెట్ల నీడకో, చలికాలంలో తూర్పు కొండలకో వెళ్లడం ఇక్కడివారి పద్ధతి. వాన పడిన మర్నాడు మాత్రం తూర్పు కొండల బంకమట్టి బూట్లకు పిడచలుగా పట్టుకుంటుంది. డిసెంబరులో సాయంత్రం ఐదు కాకముందే పొద్దు గుంకుతుంది. చాలా పార్కులు చీకటి పడ్డాక మూసేస్తారు, లోపల ఉంటే జరిమానా వేయవచ్చు. మూడు గంటలకు బయల్దేరి సూర్యాస్తమయం చూసి వద్దామనే ఆలోచన మొదట్లో వద్దు.

పాములు, పులుల గురించే అందరూ అడుగుతారు. ర్యాటిల్‌స్నేక్‌లు ఉన్నాయి, వేడి పట్టిన రోజుల్లో బాట మీద ఎండ కాచుకుంటాయి. దూరంగా ఆగితే వాటి దారిన అవి పోతాయి. మౌంటెన్ లయన్ కనబడటం చాలా అరుదు. కనబడితే పరుగెత్తకూడదు, పిల్లలను ఎత్తుకుని, చేతులు పైకెత్తి పెద్దగా కనిపిస్తూ మెల్లగా వెనక్కి నడవాలి. నిజానికి మీరు భయపడవలసింది పాయిజన్ ఓక్ అనే మొక్కకు. ప్రతి బాట పక్కనా ఉంటుంది, ఎవరూ దాని గురించి అడగరు.

ఇది జీడిమామిడి, మామిడి, మన నల్లజీడి చెట్ల కుటుంబంలోదే. చాకలివారు బట్టల మీద గుర్తులు పెట్టే నల్లజీడి రసం ఒంటికి తగిలితే ఎలా పొక్కుతుందో మన పల్లెల్లో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. పాయిజన్ ఓక్ ఆకులోని నూనెదీ అదే గుణం. మామిడికాయ తొడిమ తుంచినప్పుడు చిమ్మే సొన పడక మూతి చుట్టూ పొక్కేవారు దీనితో మరింత జాగ్రత్తగా ఉండాలి. మూడేసి ఆకులు కలిసి వస్తాయి, వసంతంలో నిగనిగలాడే ఆకుపచ్చ, వేసవి చివరికి చక్కటి ఎరుపు. ఆ ఎరుపు చూసి పిల్లలు కోసుకొస్తారు. చలికాలంలో ఆకు రాలి ఉత్త పుల్లలు మిగిలినా నూనె వాటిలో ఉంటుంది. తగిలిన వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజుల తర్వాత దురద, ఎర్రటి చారలు, నీటి పొక్కులు. అనుమానం ఉంటే ఇంటికి రాగానే సబ్బుతో బాగా కడుక్కోండి. నూనె ప్యాంటుకూ, బూట్ల తాళ్లకూ అంటుకుని రోజుల తరబడి ఉంటుంది కాబట్టి ఆ బట్టలు విడిగా ఉతకండి, సోఫా మీద పారేయకండి. ముఖం మీదో కళ్ల దగ్గరో వస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. స్నానం చేసేటప్పుడే మోకాళ్ల వెనక, చంకల్లో, తల వెంట్రుకల్లో టిక్ అనే చిన్న పురుగు పట్టిందేమో చూసుకోండి. మన పశువులకు పట్టే గోమారి లాంటిదే, కొన్ని జబ్బు మోస్తాయి. పట్టుకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగేయాలి.

సామాను పెద్దగా కొనకండి. పైన చెప్పిన దారులకు మామూలు నడక బూట్లు చాలు. మనిషికి లీటరు నీళ్లు, టోపీ, పైన వేసుకోవడానికి ఒక పలచటి జాకెట్టు, ఫోనులో ముందే దించుకున్న మ్యాపు. కొండ మలుపుల్లో సిగ్నల్ పోతుంది. నారింజ తొక్క అయినా, వేరుశనగ పొట్టు అయినా తిరిగి తెచ్చేయండి, మట్టిలో కలిసిపోతుందిలే అనుకోవద్దు. స్పీకరులో పాటలు పెట్టవద్దు, అవి ఎంత మంచి పాటలైనా సరే. పదిమంది కలిసి బాట మొత్తం ఆక్రమించి నడవడం మనకు అలవాటు, ఇక్కడ కుడి పక్కగా ఒకరి వెనక ఒకరు నడవాలి. గుర్రం వస్తే అందరూ ఆగి దారి ఇస్తారు, ఎక్కేవారికి దిగేవారు దారి ఇస్తారు.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈ ఊళ్లన్నీ వదిలి ఫెల్టన్‌లోని హెన్రీ కోవెల్ రెడ్‌వుడ్ పార్కుకు తీసుకెళ్లండి. అక్కడి రెడ్‌వుడ్ తోపు చుట్టూ బాట మైలు కూడా లేదు, పూర్తిగా చదును, చక్రాల కుర్చీ పోతుంది. చెట్లలో అన్నిటికంటే పొడవైనది 270 అడుగులు దాటింది. అమ్మ చీర మీద నడక బూట్లు వేసుకుని తీరిగ్గా నడవవచ్చు. లోపల తొర్రపోయిన చెట్టొకటి ఉంది. ఫ్రీమాంట్ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ జాన్ ఫ్రీమాంట్ 1846లో అందులో బస చేశాడని చెప్పుకుంటారు. మనుషులు లోపలికి దూరి నిలబడవచ్చు, నాన్నలు తప్పకుండా దూరతారు. హైవే 17 మలుపుల్లో కడుపులో తిప్పేవారిని ముందు సీటులో కూర్చోబెట్టండి, బయల్దేరే ముందు గారెలు పెట్టకండి. విజిటర్స్ ఇన్సూరెన్సు కాగితం ఫోనులో ఉంచుకోండి. వేసవిలో కూడా ఆ నీడలో చలి వేస్తుంది, శాలువా కావాలి. భోజనం డబ్బాలు తోపులో విప్పకుండా పావుగంట దూరంలోని శాంటా క్రూజ్ తీరానికి పట్టుకెళ్తే అందరికీ సుఖం. అక్కడ సీగల్ పక్షులు చేతిలోని పూరీని ఎగరేసుకుపోతాయి, మూత పెట్టి తినండి.