పెన్సకోలా బీచ్‌లో లీజు నేల మీద కాండో: ప్రాపర్టీ ట్యాక్స్ మీద కేసు వేస్తే నిలుస్తుందా?

పెన్సకోలా బీచ్‌లో కాండో (సొంత ఫ్లాట్) మీద పడే ఆస్తి పన్నుపై కేసు వేయొచ్చా అని అట్లాంటా నుంచి అడుగుతున్నారు కాబట్టి ముందే చెప్తున్నా, నేను లాయర్‌ని కాను. ఫ్లోరిడాలో ఆ బీచ్ ఉన్న శాంటా రోసా దీవి మీదే మాకో కాండో ఉంది. నేల కౌంటీది (మన జిల్లా లాంటి స్థానిక ప్రభుత్వానిది), మన చేతిలో ఉండేది 99 ఏళ్ల లీజు, అలాంటప్పుడు ఆస్తి పన్ను మనమెందుకు కట్టాలి అన్న మీ సందేహం కొనేముందు నాకూ వచ్చింది.

శాంటా రోసా దీవిని ఫెడరల్ ప్రభుత్వం 1947లో ఎస్కాంబియా కౌంటీకి రాసిచ్చింది. లీజుకివ్వొచ్చు గానీ అమ్మకూడదని షరతు. అందుకే అక్కడ ఇల్లు కొన్నామంటే లీజు మన పేరుకు మారిందనే అర్థం. ఏటా లీజు ఫీజు కడుతున్నాం, మళ్లీ పన్నేమిటి అని పాతవాళ్లు ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. 2014లో ఫ్లోరిడా సుప్రీంకోర్టు రెండు కేసుల్లోనూ వాళ్లకు వ్యతిరేకంగానే తేల్చింది. ఒకటి పెన్సకోలా బీచ్‌లో కట్టడాల గురించి. రెండోది పక్కనున్న నవార్ బీచ్‌ది, అందులో నేల కూడా ఉంది. పట్టా కౌంటీ పేరున ఉన్నా, లీజు ఎప్పటికప్పుడు రెన్యువల్ అవుతూ అనుభవమంతా మీదే అయితే మీరే 'ఈక్విటబుల్ ఓనర్', అంటే కాగితం మీద కాకపోయినా అసలు యజమాని అంది కోర్టు. వందేళ్లు, ఆపైన ఉన్న లీజుదారుణ్ణి యజమానిగా చూడాలని అక్కడి చట్టంలో ఒక మాట ఉంది. మాది 99 ఏళ్లేగా అన్న వాదన కూడా నిలవలేదు.

అక్కడితో కథ అయిపోలేదు. 2016లో ఒక అప్పీల్ కోర్టు పెన్సకోలా బీచ్‌లోని ఒక కాంప్లెక్స్ విషయంలో, ఆ లీజు శాశ్వతంగా రెన్యువల్ అయ్యేది కాదు కాబట్టి నేల మీద పన్ను వేయకూడదంది. అంటే పక్కపక్క బిల్డింగుల్లోనే ఒకరికి నేల పన్ను పడొచ్చు, ఇంకొకరికి పడకపోవచ్చు. తేడా అంతా లీజులోని ఒక్క పేరాలో ఉంటుంది.

నేను మాస్టర్ లీజు (మొత్తం కాంప్లెక్స్‌కు వర్తించే అసలు లీజు) అడిగితే టైపు కొట్టిన కాగితాల జిరాక్స్ పంపారు, సగం అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. రెన్యువల్ పేరా ఒక్కటే లాయర్‌తో కూర్చుని చదివించుకున్నా. అవే షరతులతో మళ్లీ మళ్లీ పొడిగించుకోవచ్చని ఉంది. కేసు ఆలోచన అక్కడే మానేశా. మీరూ రియల్టర్ ఇచ్చే ఒక పేజీ సమ్మరీతో సరిపెట్టుకోకండి, అసలు లీజు, దాని సవరణలు అన్నీ అడగండి.

మీ లీజులో పట్టు దొరికినా గడువుల దగ్గర జాగ్రత్త. నా లెక్కన అసలు టెన్షన్ అదే. ఆగస్టులో ప్రతిపాదిత పన్ను నోటీసు వస్తుంది, అది మెయిల్ చేసిన 25 రోజుల్లో వాల్యూ అడ్జస్ట్‌మెంట్ బోర్డుకు (పన్ను మదింపు మీద అభ్యంతరాలు వినే కౌంటీ బోర్డు) పిటిషన్ పెట్టుకోవచ్చు. కోర్టుకైతే పన్ను మదింపు ఖరారైన నాటి నుంచి గానీ, బోర్డు నిర్ణయం వచ్చిన నాటి నుంచి గానీ 60 రోజులు. మీ వాదన ఏదైనా ఆ 60 రోజులు వర్తిస్తాయని ఫ్లోరిడా సుప్రీంకోర్టు 2004లోనే చెప్పేసింది. కేసు వేశాం కదా అని పన్ను పూర్తిగా ఆపేయడానికీ లేదు. మీరు న్యాయంగా ఒప్పుకునే మేరకు కట్టాకే కేసు వేయాలి, నడుస్తున్నంత కాలం ప్రతి ఏడూ అలాగే కట్టాలి. ఎలాగూ కట్టేటప్పుడు నవంబరులో కట్టండి, 4 శాతం తగ్గుతుంది.

హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా కాపురముండే ఇంటికి ఇచ్చే పన్ను తగ్గింపు) గురించి కూడా అడిగారు. 98 ఏళ్లు, అంతకు మించిన లీజుకు అది ఇస్తారు గానీ, అక్కడే కాపురం ఉండాలి. సెలవులకు వచ్చిపోయే కాండోకు రాదు.