మన రోజువారీ అలవాట్లలో బయటి దేశాల వాళ్ళకు అస్సలు అంతుపట్టనిది ఏది?

ఈ ప్రశ్నకు చాలామంది చేత్తో తినడం, తల ఊపడం, గుమ్మానికి నిమ్మకాయ మిరపకాయలు కట్టడం అని రాస్తున్నారు. నేను చూసినంతలో వీటికి ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు, వీడియోల్లో చూసే వస్తున్నారు. మాది శ్రీకాకుళం జిల్లా, ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. మా అప్ప (అక్క) కొడుకు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి పెళ్ళికి అక్కడి ఆఫీసు స్నేహితుడు, అతని భార్య వచ్చి మా ఇంట్లోనే దిగారు. వాళ్ళకు నిజంగా అర్థం కానిది మా వంటింట్లో గిన్నెల మీద ఉన్న పేర్లు.

ఓ పొద్దున్న ఆవిడ టీ గ్లాసు పెట్టడానికి వచ్చి, బోర్లించి ఉన్న స్టీలు గిన్నె తీసి, అంచు కింద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలను వేలితో తడిమి ఇదేంటని అడిగింది. పేరని చెప్పాం. ఎవరి పేరు? వీధి చివర పెద్దమ్మది. మరి ఆవిడ గిన్నె మీ ఇంట్లో ఎందుకుంది? ముందురోజు పనసపొట్టు కూర పంపింది. కడిగేశారు కదా, ఇచ్చేయొచ్చుగా? మా అమ్మ వెంటనే "ఖాళీ గిన్నె ఎలాగిస్తామే?" అంది. ఆ మాట మావాడు ఇంగ్లీషులో చెప్పాక ఆవిడ ఇంకా అయోమయంలో పడింది.

పట్నాల్లో పెరిగినవాళ్ళు ఇది చూసి ఉండకపోవచ్చు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కూరతో వచ్చిన గిన్నె ఉత్తినే వెనక్కి వెళ్ళకూడదు. మన ఇంట్లో ఏదైనా చేసుకునేదాకా ఆగుతాం, ఆగలేకపోతే పెరట్లో నాలుగు వంకాయలో గుప్పెడు కరివేపాకో వేస్తాం, అదీ లేకపోతే చెంచాడు పంచదారైనా వేసి ఇస్తాం. దాంతో ఈసారి బాకీ అటువైపు పడుతుంది. గిన్నెలు ఇలా ఇళ్ళన్నీ తిరుగుతాయి కాబట్టే కొన్నప్పుడే పేరు కొట్టించుకుంటాం, సామాన్ల కొట్లో వాళ్ళే సూది మిషన్ చేత్తో పట్టుకుని "ఏ పేరు కొట్టమంటారు" అని అడుగుతారు. పెళ్ళికి ఇచ్చే సామాను మీదైతే ఇచ్చినవాళ్ళ పేరు, తేదీ కూడా ఉంటాయి. మా అమ్మ ఇప్పటికీ నీళ్ళు పట్టే బిందె ఎవరు ఇచ్చారో, ఎప్పుడు ఇచ్చారో ఆ బిందే చెబుతుంది.

వాళ్ళ దగ్గర పక్కింటివాళ్ళ నుంచి ఏదైనా తీసుకుంటే ఎంత తొందరగా తిరిగి ఇస్తే అంత మర్యాదట. స్నేహితులు కలిసి హోటల్‌కి వెళ్ళినా ఎవరి బిల్లు వాళ్ళు కట్టుకోవడం జర్మనీలో మామూలే, అందులో తప్పు పట్టుకునేవాళ్ళు ఎవరూ లేరు. మా వైపు లెక్క పూర్తిగా తీర్చేసుకున్నారంటే ఆ రెండిళ్ళ మధ్య మాటల్లేవని అర్థం. కొంచెం బాకీ ఉంటేనే రాకపోకలు ఉంటాయి. ఇంట్లోవాళ్ళకు థాంక్స్ చెప్పకపోవడం కూడా ఇందులో భాగమే అనుకుంటాను. ఆ అమ్మాయి అన్నం వడ్డించిన ప్రతిసారీ థాంక్స్ చెబుతుంటే మా అమ్మకు బాధేసింది, "పరాయోళ్ళకి చెప్పినట్టు చెప్తందేటి" అని.

మరి పెళ్ళిలో డబ్బులు పుస్తకంలో రాసుకుంటారు కదా, అది లెక్క కాదా అని ఆవిడ భర్త అడిగాడు. చాలా మంచి ప్రశ్న. చదివింపుల దగ్గర ఓ పెద్దాయన పొడుగు పుస్తకం పెట్టుకుని కూర్చుంటాడు, పేరు, ఊరు, ఎంత అనేది అందరి ముందే రాస్తాడు, ఒకప్పుడైతే మైకులో చదివేవారు కూడా. కవర్లో పెట్టి గుట్టుగా ఇచ్చే దేశం నుంచి వచ్చినవాళ్ళకు ఇది కాస్త మొరటుగా కనిపిస్తుంది. కానీ ఆ పుస్తకాన్ని ఇంట్లో దాచుకుంటాం, రేపు వాళ్ళింట్లో శుభకార్యం వస్తే తీసి చూస్తాం. 516 ఇచ్చినవాళ్ళకు సరిగ్గా 516 ఇస్తే బాకీ వదిలించుకున్నట్టు ఉంటుంది, అందుకే ఇంకొంచెం వేసి ఇస్తాం. సున్నాతో ముగిసే అంకె ఎలాగూ ఇవ్వం. అంటే రాసుకునేది తీర్చుకోవడానికి కాదు, మర్చిపోకుండా ఉండడానికి.

దారిలో ఎదురైనవాళ్ళు "ఎటెల్తన్నావు", "తిన్నావేటి" అనడం, పలాస పాసింజర్లో పక్కన కూర్చున్నాయన జీతమెంత, పిల్లలెందరు అని అడగడం కూడా వాళ్ళకు ఇబ్బందిగానే అనిపించింది. దానికి పెద్ద జవాబు అక్కర్లేదు. "ఇలా బజారుకి" అంటే చాలు, వివరం ఎవరికీ పట్టదు.

ఈ అలవాట్ల విలువ ఏంటో నాకు తెలిసింది 2018లో. ఆ ఏడాది అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా పిన్ని వాళ్ళది ఉద్దానం, వజ్రపుకొత్తూరు వైపు. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు ఆడక తాగడానికి నీళ్ళూ లేవు. ఎవరి పొయ్యి తడవలేదో వాళ్ళింట్లోనే వీధికంతా గంజి కాచారు. ఒకళ్ళు అద్దెకు జనరేటర్ తెస్తే ఇంటింటికీ తిప్పి ట్యాంకులు నింపుకున్నారు. ఎవరూ ఎవరినీ మొహమాటంగా అడగాల్సి రాలేదని పిన్ని చెప్పింది, ఎందుకంటే అందరి గిన్నెలూ అందరి ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్నాయి. పట్నంలో ఫ్లాట్‌లో ఉంటూ పక్క తలుపు కొట్టడానికి ఆలోచించే నాలాంటివాళ్ళకు ఇది ఎంత పెద్ద విషయమో అప్పుడే అర్థమైంది.

మీరు కూడా బయటి దేశం స్నేహితులను మా వైపు పెళ్ళికి తీసుకొస్తుంటే కొన్ని విషయాలు ముందే చెప్పండి. పంక్తిలో "వద్దు" అని ఒకసారి అంటే మొహమాటం అనుకుని ఇంకో గరిటె వేస్తారు, ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టాలి. ఎవరైనా గిన్నెలో ఏదైనా పంపితే కడిగి వెంటనే పట్టుకెళ్ళొద్దు, ఇంట్లో పెద్దవాళ్ళకు ఇవ్వాలి. చదివింపుల కవర్ మీద పేరుతో పాటు దేశం పేరు కూడా రాయమనండి, లేకపోతే పుస్తకం రాసేవాళ్ళు ఊరి పేరు దగ్గర ఏం రాయాలని భోజనాల దగ్గరికి వచ్చి అడుగుతారు.