సముద్రం చదువూ, సమాజం చదువూ కలిపి చదవొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి జీవశాస్త్రంతో డిగ్రీ పూర్తి చేస్తోంది. సముద్రంలో వస్తున్న మార్పులనూ, వాటివల్ల మనుషుల బతుకులు ఎలా మారుతున్నాయన్నదీ కలిపి నేర్పే పీజీ, పీహెచ్‌డీ కోర్సులకు వెళ్తానంటోంది. సైన్సూ కాక, సోషల్ సైన్సూ కాక, రెండు పడవల మీద కాళ్లు పెట్టినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం న్యాయమైనదే. అయితే ముందు ఒక సంగతి వినండి. 2015లో ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో సముద్రం మామూలుకన్నా బాగా వేడెక్కింది. ఆ వెచ్చటి నీళ్లలో కంటికి కనిపించని ఒక రకం శైవలం విపరీతంగా పెరిగింది. అది తయారు చేసే డొమోయిక్ ఆమ్లం అనే విషం డంజనెస్ పీతల్లోకి చేరింది. కాలిఫోర్నియాలో నవంబర్‌లో మొదలుకావలసిన పీతల వేట చాలాచోట్ల 2016 మార్చి చివరిదాకా మొదలవలేదు. పట్టిన దాంట్లో వాటాయే జీతంగా బతికే పడవ పనివాళ్లు అన్ని నెలలూ ఖాళీగా కూర్చున్నారు. తీరా అనుమతి వచ్చేసరికి తిమింగలాలు తీరానికి వచ్చే వేళయింది. పీతల బోనులకు కట్టిన తాళ్లలో అవి చిక్కుకోవడం ఎక్కువైంది.

నీటి వేడి ఒక విభాగం వాళ్ల పని, విషం ఇంకొకరిది, ఆగిపోయిన రాబడి అర్థశాస్త్రం, వేట తేదీ ఎవరు నిర్ణయించాలన్నది చట్టం. ఇవన్నీ కలిపి చూడగలిగేవాళ్లు తక్కువ. అలాంటివాళ్లను తయారుచేయడానికే అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1990ల చివర్లో ఐజర్ట్ అనే శిక్షణ పథకం మొదలుపెట్టింది. దాని కింద వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో సముద్ర మార్పుల మీదే ఒక కార్యక్రమం నడిచింది. తర్వాత ఐజర్ట్ స్థానంలో అలాంటిదే మరో పథకం, ఎన్‌ఆర్‌టీ వచ్చింది. వీటిలో విద్యార్థి ఒక విభాగంలోనే చేరి, ఆ విభాగం డిగ్రీయే తీసుకుంటారు. దాంతోపాటు వేరే విభాగాల విద్యార్థులతో కలిసి ఒకే సమస్య మీద పనిచేస్తారు. అంటే కాళ్లు రెండూ ఒకే పడవలో ఉంటాయి, పక్క పడవవాళ్ల మాట అర్థమవుతుంది.

కాబట్టి మీ అమ్మాయి జీవశాస్త్రాన్ని వదలొద్దు. స్టాటిస్టిక్స్, లెక్కలు విశ్లేషించే ఆర్ లేదా పైథాన్ లాంటి కంప్యూటర్ భాష గట్టిగా నేర్చుకోవాలి. సైన్స్ విద్యార్థులు తేలిగ్గా తీసుకునేది ఇంకోటుంది: మనుషులతో మాట్లాడటం. ఒక మత్స్యకారుణ్ని "చేపలు తగ్గాయా?" అనడిగితే "తగ్గాయి" అంటాడు, అక్కడితో సరి. "మొదట్లో వేటకు ఎంత దూరం పోయేవారు, ఇప్పుడెంత దూరం పోతున్నారు?" అనడిగి చూడండి. దూరం, డీజిల్ ఖర్చు, అప్పు, కొడుకు ఈ పని వద్దని వెళ్లిపోయిన సంగతి, అన్నీ ఒకదాని వెంట ఒకటి బయటికొస్తాయి. ఇలా అడగడం కూడా ఒక విద్యే. దానికి నియమాలున్నాయి, విశ్వవిద్యాలయ నైతిక కమిటీ అనుమతి కావాలి. ఇది సరిగా నేర్పని కోర్సును నేను మెచ్చుకోను.

కష్టాలూ దాచను. చదువు ఒక్కోసారి ఏడాది ఎక్కువ పట్టొచ్చు. అధ్యాపక ఉద్యోగాలు ఇప్పటికీ ఎక్కువగా విభాగాల వారీగానే ఉంటాయి, అందుకే ఒక మూల సబ్జెక్టు బలంగా ఉండాలంటున్నాను. మత్స్య నిర్వహణ సంస్థలు, తీర ప్రణాళిక, సంరక్షణ సంస్థలు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లాంటి చోట్ల ఈ కలగలుపు చదువు బాగా పనికొస్తుంది. శిక్షణ స్టైపెండ్ అయిపోయాక మిగతా ఏళ్లకు డబ్బు ఎవరిస్తారో మాత్రం చేరకముందే రాతపూర్వకంగా అడగండి.

దరఖాస్తు పెట్టేముందు మీ అమ్మాయిని ఒక పని చేయమనండి. నచ్చిన కోర్సులో ఇప్పుడు మూడో ఏడాదో నాలుగో ఏడాదో చదువుతున్న ఇద్దరికి మెయిల్ రాసి రెండే ప్రశ్నలు అడగమనండి: మీ థీసిస్ కమిటీలో, అంటే మీ పరిశోధనను చూసే అధ్యాపకుల బృందంలో, బయటి విభాగంవాళ్లు ఉన్నారా? వాళ్లతో చివరిసారి ఎప్పుడు కూర్చుని మాట్లాడారు? రెండో ప్రశ్నకు జవాబు తడుముకుంటూ వస్తే, ఆ కోర్సును పక్కన పెట్టి ఇంకోటి చూడమనండి.