పాఠం చెప్పేటప్పుడు మెడ లాగేస్తుంటే

ప్రశ్న: మేడమ్, మాది బొబ్బిలి దగ్గర పల్లె. బీఈడీ చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి టూరెట్ సిండ్రోమ్ ఉంది. కళ్లు టపటపా కొట్టుకుంటాయి, మెడ పక్కకి లాగేస్తుంది, గొంతులోంచి శబ్దం వస్తుంది. వచ్చే నెల టీచింగ్ ప్రాక్టీస్. పిల్లలు నవ్వుతారేమోనని టెన్షన్. మానేయనా?

జవాబు: మానేయొద్దమ్మా. అమెరికాలో బ్రాడ్ కోహెన్‌కీ ఇదే సమస్య, 24 స్కూళ్లు వద్దన్నాయి, ఆ తర్వాత జార్జియాలో ఒక స్కూలు తీసుకుంటే కొత్త టీచర్లకిచ్చే అవార్డు గెలుచుకున్నారు. మన డీఎస్సీలో అయితే ఇంటర్వ్యూనే లేదు, పరీక్షలో మార్కులే లెక్క.

క్లాసులో మొదటి రోజే నువ్వే చెప్పేయ్: "నా మెడ ఇలా కదులుతుంది, గొంతులో శబ్దం వస్తుంది, కావాలని చేసేది కాదు, ఎవరికీ అంటుకోదు, ఏమైనా అడగాలనుంటే అడగండి." పిల్లలు అడుగుతారు, ఒకరిద్దరు నవ్వుతారు కూడా, అడిగినదానికి మామూలుగా జవాబిచ్చి పాఠంలోకి వెళ్లిపో. హెడ్‌మాస్టరు గారికి ముందురోజే చెప్పు.

పీరియడంతా ఈ కదలికల్ని, శబ్దాల్ని బిగబట్టి ఆపుకోవాలని మాత్రం చూడకు, కాసేపు ఆగినా అలసిపోతావు, టెన్షన్ పెరిగితే అవీ పెరుగుతాయి. పనిలో మునిగినప్పుడు చాలామందికి తగ్గుతాయి. ఒకసారి విశాఖ కేజీహెచ్‌లో న్యూరాలజీ డాక్టరుని కలువు. మెడ లాగబోతోందని ముందే గుర్తించి దానికి ఎదురు కదలిక చేయడం నేర్పే బిహేవియర్ థెరపీ ఉంది, దాని గురించి అడుగు. మందులిస్తే కొన్నిటికి మగతొస్తుంది, అందుకే నీ క్లాసుల వేళలు చెప్పి రాయించుకో.