అమెరికా తొలి రోజుల్లో కాంగ్రెస్ ఎన్నికలు ఎలా జరిగేవి? మా న్యూజెర్సీ సంగతి చెప్తా

మీరు అడిగింది అమెరికా కొత్తగా ఏర్పడినప్పుడు కాంగ్రెస్ ఎన్నికలు ఇప్పట్లాగే అంతటా ఒకే రోజు, నియోజకవర్గానికి ఒకరు చొప్పున జరిగేవా, ఓటు ఎవరికి ఉండేది అని కదా. ఒక్క ముక్కలో చెప్పాలంటే లేదు, ఏ రాష్ట్రం పద్ధతి ఆ రాష్ట్రానిదే, పైగా అదే రాష్ట్రంలో కూడా ఎన్నికకీ ఎన్నికకీ రూల్స్ మారిపోయేవి. అన్ని రాష్ట్రాల గురించి చెప్పేంత సీన్ నాకు లేదు గానీ నేనుండేది ఎడిసన్‌లో, సిటిజన్‌షిప్ వచ్చాక ఎన్నికల రోజు పోలింగ్ బూత్‌లో పని చేయడానికి వెళ్తుంటాను (ఇక్కడ బోర్డ్ వర్కర్ అంటారు), ఆ పిచ్చితోనే న్యూజెర్సీ పాత ఎన్నికల గురించి దొరికిందల్లా చదివాను, కాబట్టి ఈ ఒక్క రాష్ట్రం సంగతి చెప్తాను.

ముందు అసలు కిటుకు. ఎన్నిక ఎప్పుడు, ఎక్కడ, ఎలా జరపాలి అన్నది రాష్ట్ర లెజిస్లేచర్లు రాసుకోవచ్చు అని రాజ్యాంగంలోనే ఉంది, కాంగ్రెస్ కావాలంటే దాన్ని మార్చొచ్చు అని కూడా ఉంది గానీ మొదట్లో చాలా ఏళ్ళు కాంగ్రెస్ దాని జోలికి పోలేదు. అంటే మా రాష్ట్ర రాజధాని ట్రెంటన్‌లో ఎవరి చేతిలో మెజారిటీ ఉంటే వాళ్ళే ఆట రూల్స్ రాస్తారు, ఆడేదీ వాళ్ళే. న్యూజెర్సీ వాళ్ళు ఈ వెసులుబాటుని వాడుకున్నంత మామూలుగా ఎవరూ వాడుకోలేదేమో అనిపిస్తుంది నాకు.

మొట్టమొదటి ఎన్నిక 1789లో. రాష్ట్రానికి 4 సీట్లు. నియోజకవర్గాలు లేవు, రాష్ట్రం మొత్తం ఒకటే, ప్రతి ఓటరూ నలుగురికి ఓటేస్తాడు, ఎక్కువ ఓట్లొచ్చిన నలుగురు గెలుస్తారు. దీన్నే జనరల్ టికెట్ అంటారు. ఫిబ్రవరి 11న పోలింగ్ మొదలవ్వాలి అని చట్టంలో రాశారు, బానే ఉంది, కానీ ఎప్పుడు ముగించాలో రాయడం మర్చిపోయారండీ! మర్చిపోయారో కావాలనే వదిలేశారో గానీ ముగింపు తేదీ మాత్రం లేదు. ఇప్పుడు మాకు ఉదయం 6కి తెరిచి రాత్రి 8కి మూయాలి, 8 లోపు లైన్‌లో నిలబడ్డవాళ్ళకి మాత్రం ఎంతసేపైనా అవకాశం ఇవ్వాలి, 8:01కి పరిగెత్తుకుంటూ వచ్చిన మనిషిని వెనక్కి పంపేటప్పుడు ఎంత గొడవ అవుతుందో చూసినదాన్ని కాబట్టి ఆ చట్టం గురించి మొదటిసారి చదివినప్పుడు నవ్వాగలేదు.

దాంతో ఏమైందంటే ఒక్కో కౌంటీ (మన దగ్గర జిల్లా లాంటిది) తన ఇష్టం. పోలింగ్ జరిపేవాళ్ళు బ్యాలెట్ పెట్టెని ఊరూరా తిప్పుతూ, తమ మనుషులకి ఓట్లు సరిపోయాయి అనిపించేదాకా తెరిచే ఉంచొచ్చు. అప్పట్లో న్యూజెర్సీ పేరుకే ఒకటి, 1702 దాకా తూర్పు జెర్సీ, పడమర జెర్సీ అని రెండు వేరు వేరు కాలనీలు. పడమటి వాళ్ళ చూపు ఫిలడెల్ఫియా వైపు, క్వేకర్లు (ఒక క్రైస్తవ శాఖ వాళ్ళు) ఎక్కువ, అప్పులిచ్చేవాళ్ళు ఎక్కువ. తూర్పు వాళ్ళ చూపు న్యూయార్క్ వైపు, అప్పులపాలైన రైతులు ఎక్కువ, కాగితం డబ్బు అచ్చేయాలి అని గొడవ చేసేది వీళ్ళే. ఆ కాగితం డబ్బు వర్గానికి పెద్ద దిక్కు అబ్రహాం క్లార్క్, స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టిన మనిషి, మామూలువాడు కాదు.

ఆయన మీదకి పడమటి పెద్దలు నలుగురి పేర్లతో ఒక లిస్టు తయారుచేసి తిప్పారు, దానికి జుంటో టికెట్ అని పేరు. ఎలియాస్ బూడినో, లాంబర్ట్ కాడ్వాలడర్, జేమ్స్ షూర్‌మన్, థామస్ సినిక్సన్. ఇక్కడే తెలివి చూడండి, ఆడించేది పడమటి వాళ్ళు, కానీ నలుగురిలో బూడినోది ఎలిజబెత్‌టౌన్, షూర్‌మన్‌ది మా పక్కనే ఉన్న న్యూ బ్రన్స్‌విక్, అంటే సగం మంది తూర్పు వైపు మనుషులే. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం అయినప్పుడు, పోటీలో బోలెడు పేర్లున్నప్పుడు, మిగతావాళ్ళ ఓట్లు తలో వైపు చీలిపోతాయి, గట్టిగా నాలుగు పేర్లు పట్టుకుని మూకుమ్మడిగా వేసినవాళ్ళదే పైచేయి. ఈ మధ్య దాకా న్యూజెర్సీ ప్రైమరీ బ్యాలెట్లలో కౌంటీ పార్టీ పెద్దలు బలపరిచినవాళ్ళందరినీ ఒకే వరుసలో పెట్టి అచ్చేసేవాళ్ళు, 2024లో డెమొక్రాట్ల ప్రైమరీకి ఫెడరల్ కోర్టు దాన్ని ఆపేసింది, ఆ గొడవ నడుస్తున్నప్పుడు నాకైతే ఈ జుంటో లిస్టే గుర్తొచ్చేది.

సరే, మార్చి మధ్యకల్లా 13 కౌంటీల్లో 12 కౌంటీల లెక్కలు గవర్నర్ విలియం లివింగ్‌స్టన్ దగ్గరికి చేరాయి. చేరనిది ఎసెక్స్ ఒక్కటే, ఇప్పటి న్యూవార్క్ ఉన్న కౌంటీ, తూర్పు వాళ్ళ కంచుకోట. వాళ్ళు పోలింగ్ ఇంకా నడిపిస్తూనే ఉన్నారు. గవర్నరూ ఆయన కౌన్సిలూ ఇంక ఆగలేక మార్చి 19న ఉన్న 12 కౌంటీల లెక్క మీదే జుంటో నలుగురూ గెలిచారని ప్రకటించేశారు. ఎసెక్స్ వాళ్ళు పోలింగ్ మూసింది ఏప్రిల్ 27న! ఏప్రిల్ 1కే న్యూయార్క్‌లో ప్రతినిధుల సభకి కోరం వచ్చి పని మొదలైంది, ఏప్రిల్ 30న వాషింగ్టన్ ప్రమాణస్వీకారం, అంటే ఒక పక్క సభ నడుస్తుంటే ఇంకో పక్క ఆ సభకే ఎసెక్స్‌లో ఇంకా ఓట్లు పడుతున్నాయి అన్నమాట.

ఓడినవాళ్ళ తరఫు జనం ఊరుకోలేదు, ఎసెక్స్ ఓట్లు లెక్కపెట్టకుండా గెలుపెలా ప్రకటిస్తారు అని కాంగ్రెస్‌కి పిటిషన్ పెట్టారు. మొదటి కాంగ్రెస్ ముందుకొచ్చిన ఎన్నికల తగాదాల్లో ఇదొకటి. కమిటీ వేశారు, చర్చ నడిచింది, చివరికి సెప్టెంబర్‌లో ఆ నలుగురి ఎన్నికా చెల్లుతుందని తేల్చారు. నన్నడిగితే ఎసెక్స్ వాళ్ళది న్యాయమైన కోపమే గానీ రెండున్నర నెలలు పెట్టె తెరిచి కూర్చుంటే ఎవరు మాత్రం ఆగుతారు. క్లార్క్ తర్వాతి ఎన్నికలో గెలిచి కాంగ్రెస్‌కి వెళ్ళాడు లెండి, ఆయనతో పాటు 1789లో ఓడిన జొనాథన్ డేటన్ కూడా, ఈయన ఆ తర్వాత స్పీకర్ కూడా అయ్యాడు.

ఇప్పుడు ఓటు ఎవరికి అన్న సంగతి. మన తెలుగువాళ్ళకి ఇది చెప్తే నమ్మరు. 1776 నాటి న్యూజెర్సీ రాజ్యాంగంలో ఓటుకి మూడే షరతులు, మేజర్ అయ్యి ఉండాలి, 50 పౌండ్ల ఆస్తి ఉండాలి, ఆ కౌంటీలో 12 నెలలుగా నివాసం ఉండాలి. మగాడు అని లేదు, తెల్లవాడు అని లేదు, పౌరుడు అని కూడా లేదు, నివాసి అని మాత్రమే ఉంది. రాష్ట్ర దిగువసభకి ఎవరు ఓటేయొచ్చో వాళ్ళే కాంగ్రెస్‌కీ వేయొచ్చు అని ఫెడరల్ రాజ్యాంగం చెప్తుంది కాబట్టి ఈ రాష్ట్రంలో కాంగ్రెస్ ఎన్నికలకీ ఇవే అర్హతలు. హెచ్‌వన్ మీదొచ్చి, గ్రీన్‌కార్డ్ క్యూలో జుట్టు నెరిసి, ఆ తర్వాత ఇంకో ఐదేళ్ళకి గానీ ఓటు ముఖం చూడనివాళ్ళం కదా మనం, 1790ల్లో అయితే కనీసం కాగితం మీద ఏడాది నివాసం, చిన్న ఆస్తి చాలు. బూత్‌కి ఓటేసే కొడుకుతోపాటు ఇండియా నుంచి వచ్చిన పెద్దాయన కూడా వస్తే, మీకు ఓటు లేదండీ కూర్చోండి అని కుర్చీ వేసేటప్పుడు ఈ మాట చెప్పాలనిపిస్తుంది గానీ అక్కడ రాజకీయాలు మాట్లాడకూడదు.

ఆడవాళ్ళ విషయం అయితే ఇంకా స్పష్టం. 1790 చట్టంలో కొన్ని కౌంటీలకి, 1797 చట్టంలో రాష్ట్రమంతటికీ, ఓటరు గురించి రాసేటప్పుడు అతను లేదా ఆమె అనే రాశారు. అయితే పెళ్ళైన ఆడదాని ఆస్తి చట్టప్రకారం మొగుడిదే కాబట్టి 50 పౌండ్ల షరతు దగ్గర వాళ్ళు ఆగిపోతారు, వేసింది ఎక్కువగా వితంతువులు, పెళ్ళికానివాళ్ళు. ఇదంతా కాగితాలకే పరిమితం అనుకునేవాళ్ళు ఉండేవాళ్ళు, కానీ ఫిలడెల్ఫియాలో ఉన్న అమెరికన్ విప్లవ మ్యూజియం వాళ్ళు పాత పోల్ లిస్టులు (ఓటేసినవాళ్ళ పేర్ల లిస్టులు) వెతికి పట్టుకుని 2020లో ఎగ్జిబిషన్ పెట్టారు. మేమూ వెళ్ళి చూశాం. 1801లో మాంట్‌గోమరీ టౌన్‌షిప్ లిస్టులో 343 పేర్లుంటే అందులో కనీసం 46 ఆడవాళ్ళవి. ఆ మాంట్‌గోమరీలో ఇప్పుడు మనవాళ్ళు బోలెడుమంది, ప్రిన్స్‌టన్ పక్కన. మా అమ్మాయి ఆ గాజుపెట్టె దగ్గరే నిలబడిపోయింది, నేనైతే ఆ రాతలో వరుసగా పేర్లు చూస్తూ మనం ఇప్పుడు ట్యాబ్‌లెట్ మీద సంతకం పెట్టించుకునే లిస్టూ ఇదీ ఒకటే కదా అనుకున్నా.

1807లో అదంతా పోయింది. ఎసెక్స్‌లో కోర్టు బిల్డింగ్ న్యూవార్క్‌లో కట్టాలా ఎలిజబెత్‌టౌన్‌లో కట్టాలా అని ఓటింగ్ పెడితే రెండువైపులా దొంగ ఓట్లు కుప్పలుతెప్పలుగా పడ్డాయి, మగాళ్ళు ఆడవేషం కట్టి మళ్ళీ వచ్చి వేశారని కూడా చెప్పుకున్నారు, లెజిస్లేచర్ ఆ ఓటింగ్‌నే రద్దు చేసింది. ఆ ఏడాది నవంబర్‌లో సంస్కరణ పేరు చెప్పి ఓటు తెల్ల మగ పౌరులకే అని చట్టం చేసేశారు. దొంగ ఓట్లు వేసినవాళ్ళలో మగాళ్ళూ ఉన్నారు, ఓటు పోయింది మాత్రం ఆడవాళ్ళకీ నల్లవాళ్ళకీ. పన్ను కట్టే తెల్ల మగాడికి మాత్రం 50 పౌండ్ల షరతు కూడా సడలించారు, రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చకుండానే.

ఇక నియోజకవర్గాల ఆట. అప్పటికి 5 సీట్లు. 1798 ఎన్నికకి మొదటిసారి రాష్ట్రాన్ని 5 జిల్లాలుగా, అంటే నియోజకవర్గాలుగా, విడగొట్టారు. లెజిస్లేచర్ ఫెడరలిస్టుల (అప్పటి ప్రెసిడెంట్ జాన్ ఆడమ్స్ పార్టీ) చేతిలో ఉంది, ఫలితం చూస్తే జెఫర్సన్ వర్గం రిపబ్లికన్లకి 3, వాళ్ళకి 2 (ఇప్పటి రిపబ్లికన్లతో కలపకండి, ఆ పార్టీ వేరు). ఇలా కాదని 1800కి మళ్ళీ జనరల్ టికెట్ తెచ్చారు, రాష్ట్రమంతా ఒకే లిస్టు అయితే ఐదుకి ఐదూ ఊడ్చేయొచ్చు కదా. ఆ ఏడాది ప్రెసిడెంట్ ఎలక్టర్లని (రాష్ట్రం తరఫున ప్రెసిడెంట్‌కి ఓటేసేవాళ్ళని) ఎన్నుకునేది కూడా జనం కాదు, లెజిస్లేచరే, కాబట్టి 7 ఎలక్టోరల్ ఓట్లూ ఆడమ్స్‌కి పడ్డాయి. కానీ డిసెంబర్ చివర్లో కాంగ్రెస్‌కి జనం ఓటేస్తే ఐదుకి ఐదూ రిపబ్లికన్లే ఊడ్చుకుపోయారు! ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడటం అంటే ఇదే.

1812లో ఇంకోసారి. ఇంగ్లండ్‌తో యుద్ధం మొదలైంది, జనానికి అది నచ్చలేదు, ఆ ఊపులో అక్టోబర్‌లో ఫెడరలిస్టులు లెజిస్లేచర్ గెలిచారు. గెలిచీ గెలవగానే, ఇంకొద్ది రోజుల్లో జనం ప్రెసిడెంట్ ఎలక్టర్లకి ఓటేయాల్సి ఉండగా, ఆ ఎన్నికే రద్దు చేసి 8 మంది ఎలక్టర్లనీ తామే ఎన్నుకుని, ప్రెసిడెంట్ మాడిసన్ మీద పోటీ చేసిన డెవిట్ క్లింటన్‌కి వేయించారు. కాంగ్రెస్ ఎన్నికని 1813 జనవరికి జరిపి 3 జిల్లాలు చేసి జిల్లాకి ఇద్దరు అన్నారు. మన దగ్గర కూడా 1952, 1957ల్లో ద్విసభ్య నియోజకవర్గాలు ఉండేవి, పార్వతీపురంలో వి.వి. గిరి గారు ఓడింది అలాంటి దాంట్లోనే, కాకపోతే మన దగ్గర అది రిజర్వేషన్ కోసం పెట్టింది. ఇక్కడ కేవలం సీట్ల లెక్క కోసం, ఈసారి లెక్క తప్పలేదు, 6లో 4 ఫెడరలిస్టులకే వచ్చాయి, అందులో మా షూర్‌మన్ ఒకడు, 1789లో గెలిచిన ఆ షూర్‌మనే. ఏడాది తిరక్కుండా రిపబ్లికన్లు లెజిస్లేచర్ వెనక్కి తెచ్చుకుని మళ్ళీ జనరల్ టికెట్ పెట్టారు, 1814లో ఆరుకి ఆరూ వాళ్ళవే.

మరి ఇప్పటిలాగా నియోజకవర్గానికి ఒకరు ఎప్పటినుంచి అంటే, ఈ జనరల్ టికెట్ పెద్ద అల్లరి చేసి గానీ పోలేదు. 1838లో 6 సీట్లకి ఎన్నిక జరిగితే తేడా ఎంత తక్కువంటే, మా మిడిల్‌సెక్స్ కౌంటీలో సౌత్ ఆంబాయ్, కంబర్లాండ్‌లో మిల్‌విల్ లెక్కల్ని కౌంటీ క్లర్కులు పక్కన పడేయడంతో ఒకేసారి 5 సీట్లు డెమొక్రాట్ల నుంచి విగ్‌లకి (అప్పట్లో వాళ్ళకి పోటీగా ఉన్న పార్టీ) మారిపోయాయి. గవర్నర్ పెన్నింగ్టన్ విగ్‌లకే రాష్ట్ర ముద్ర వేసిన సర్టిఫికెట్లు ఇచ్చాడు. 1839 డిసెంబర్‌లో సభ కూడితే బలాబలాలు దాదాపు సమానం, ఆ ఐదుగురు ఎవరన్నదాన్ని బట్టే సభ ఎవరిదో తేలుతుంది, సభ క్లర్కు న్యూజెర్సీ పేర్లు పిలవనన్నాడు, రోజుల తరబడి సభ స్తంభించిపోతే మాజీ ప్రెసిడెంట్ జాన్ క్విన్సీ ఆడమ్స్‌ని తాత్కాలికంగా కుర్చీలో కూర్చోబెట్టి గట్టెక్కారు. 1789లో గవర్నర్ మాటకి సరే అన్న సభ ఈసారి గవర్నర్ సర్టిఫికెట్‌ని ఒప్పుకోలేదు, 1840 మార్చిలో డెమొక్రాట్లనే కూర్చోబెట్టింది. ఆ తర్వాత 1842లో కాంగ్రెస్ చట్టం చేసింది, ఒకటి కన్నా ఎక్కువ సీట్లున్న రాష్ట్రాలు నియోజకవర్గానికి ఒకరి చొప్పునే ఎన్నుకోవాలి అని, న్యూజెర్సీకి అప్పుడు 5 సీట్లు, 5 నియోజకవర్గాలు గీశారు.